పాటకు ముందు ఊపిరి

ఖాళీ గదులన్నీ ఒకేలా నిశ్శబ్దంగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. ముప్పై ఏళ్లు జనం గొంతులు రికార్డు చేసి పొట్ట పోసుకున్నవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మొచ్చు. వంటింటి నిశ్శబ్దంలో ఫ్రిజ్ గొణుగుడు ఉంటుంది. మేడమీది గదిలో ఎండకి పైకప్పు చిటపటలాడటం ఉంటుంది. అందుకే మా పనిలో ఒక పద్ధతి ఉంది. పాట మొదలుపెట్టే ముందు అందర్నీ బయటికి పంపి, తలుపు వేసి, ఒక నిమిషం పాటు ఖాళీ గదిని రికార్డు చేస్తాం. పాటలో ఎక్కడైనా దగ్గో, కుర్చీ కిర్రుమనడమో తీసేయాల్సి వస్తే, అక్కడ పడ్డ చిల్లుకి ఆ నిశ్శబ్దం ముక్క అతికిస్తాం. చిరిగిన చొక్కాకి అదే గుడ్డతో మాసిక వేసినట్టు.

పద్ధతి అందరిదీ. నా సొంత అలవాటు ఇంకొకటి ఉంది. ఊపిర్లు తీసేయడం.

పాడేవాళ్లు ప్రతి వాక్యానికి ముందూ ఊపిరి తీసుకుంటారు. మైకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అది కొళాయి తిప్పినంత గట్టిగా పడుతుంది. నేను వాటిని ఒక్కొక్కటీ పట్టుకుని కోసేసేవాణ్ణి. పాట చేతికి రాగానే మొదట చేసేది అదే, తినడానికి కూర్చునే ముందు బల్ల తుడుచుకున్నట్టు. ఎంత శుభ్రంగా చేసేవాణ్ణంటే, నేను పట్టిన పాట వింటే ఆ మనిషికి ఊపిరితిత్తులే లేవేమో అనిపిస్తుంది. రికార్డు కంపెనీలవాళ్లు నన్ను పిలిచేది అందుకే.

మా ఆవిడకి ఇదంతా నవ్వులాటగా ఉండేది. "అందరి ఊపిర్లూ కోస్తావు, నీ ముక్కు మాత్రం రాత్రంతా విజిల్ వేస్తుంది" అనేది. నా ఎడమ ముక్కు చిన్నప్పుడు దెబ్బ తగిలి కాస్త వంకర. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు విజిల్ వేస్తుందో లేదో చెప్పేవాళ్లు లేరు.

కాగితం పిల్ల తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఒక్కణ్ణే కూర్చుని మైకు తీగలు చుడుతున్నాను.

కాగితం పిల్ల అంటే మీలో కొంచెం వయసున్నవాళ్లకి గుర్తుండాలి. కాగితాలతో కుట్టిన గౌన్లు వేసుకుని వేదిక ఎక్కేది. ఒక్కో పాటకి ఒక్కో గౌను, పాట అయ్యేసరికి చెమటకి సగం చిరిగిపోయేది. ఆ పాటలేమో సినిమా పాటల్లా ఉండేవి కావు. టైపు మిషను చప్పుడు మీద ఒకటి పాడింది. కారే కొళాయి మీద ఇంకొకటి. సగం మందికి అర్థం కాలేదు, కానీ జనం విరగబడ్డారు. ఆ మొదటి రికార్డు చేసింది నేనే. తర్వాత పదకొండేళ్ల క్రితం ఒకరోజు వేదిక మీదికి వచ్చి, మైకు ముందు మూడు నాలుగు నిమిషాలు ఊరికే నిలబడి, వెళ్లిపోయింది. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. తాగి ఉందన్నారు, తల పొగరన్నారు. పేపర్లకి రాయడానికి ఏదో ఒకటి కావాలి కదా.

"సార్, అక్క మళ్లీ పాడుతోంది" అన్నాడు తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, పిన్ని కొడుకు. ఆమె ఉత్తరాలు, ఫోన్లు, బేరాలు అన్నీ అతనే చూస్తాడు. "ఏడు పాటలు. ఇంట్లోనే. మీరు తప్ప ఇంకెవరూ వద్దంటోంది. ఒకే ఒక్క షరతు ఉందట, అది తనే చెబుతుందట."

నాకు ఆ ఏడాది చెప్పుకోదగ్గ పని లేదు. ఉన్నా వెళ్లేవాణ్ణే అనుకోండి.

* * *

ఆమె ఇల్లు ఒక సన్నటి వీధి చివర ఉంది. కింద తమ్ముడు, మేడ మీద ఆమె. మేడ మీద రెండు గదులు, మధ్య గోడలో చిన్న అద్దం కిటికీ. లోపలి గదిలో పాత పియానో, దాని ముందు ఒకే స్టూలు. బయటి చప్పుడు రాకుండా కిటికీలకి మందపాటి దుప్పట్లు మేకులు కొట్టి వేలాడదీశారు. మధ్యాహ్నం రెండింటికి వెళ్లినా అక్కడ దీపం వేసుకోవాల్సిందే. దుమ్ము వాసన, ఎప్పుడో కాచి మరిచిపోయిన టీ వాసన, పాత కాగితాల వాసన. బయటి గదిలో బల్ల వేసి నా సామాను సర్దుకున్నాను.

ఆమెకి నలభై ఆరేళ్లు. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి, "అన్నయ్యా, మీరు ముసలివాళ్లయిపోయారు" అంది.

"నువ్వు ఇంకా పిల్లవే మరి" అన్నాను.

నవ్వింది. ఆ నవ్వు పైకి రావడానికి చాలా సేపు పట్టింది.

అలవాటు ప్రకారం మొదట గది నిశ్శబ్దం. అందరం మెట్ల మీదికి వచ్చి, తలుపు వేసి, నిమిషం పాటు నోరు మూసుకుని నిలబడ్డాం. తర్వాత లోపలికి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. అంతా బాగానే ఉంది, మొదట్లో తప్ప. మొదట్లో ఎవరో ఊపిరి తీసుకున్నారు.

తమ్ముణ్ణి అనుమానించాను. వాణ్ణి వీధిలోకి పంపి మళ్లీ చేశాను. మళ్లీ అదే. ఒకే ఒక్క ఊపిరి, లోపలికి. తర్వాత నిశ్శబ్దం. యంత్రం పాతది, తీగల్లో ఏదో తేడా ఉంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. యంత్రానికి ఎదురు జవాబు చెప్పే అలవాటు ఉండదు కాబట్టి మాలాంటివాళ్లం అన్ని నేరాలూ దాని మీదే తోస్తాం.

ఆమె పియానో ముందు కూర్చుంది. ఎర్ర లైటు వేశాను. అద్దంలోంచి చూస్తున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, పెదాలు బిగించి, దేనికోసమో ఎదురుచూస్తోంది. హెడ్‌ఫోన్లలో ఊపిరి తీసుకున్న చప్పుడైంది. ఆ తర్వాత ఆమె పెదాలు విడ్డాయి. పాట మొదలైంది.

ఊపిరి ముందు, పెదాలు తర్వాత. ప్రతి వాక్యానికీ అంతే. చప్పుడు వచ్చినప్పుడు ఆమె భుజాలు కదలవు, మెడ కదలదు, రొమ్ము పైకి లేవదు.

అంతకంటే అసలు సంగతి ఏమిటంటే, ఆ ఊపిరి నాకు తెలుసు. ముక్కులోంచి సన్నగా మొదలై, చివర గొంతులో చిన్న గొళ్లెం పడ్డట్టు టక్కున ఆగుతుంది. వినీ వినీ, కోసీ కోసీ నా చెవుల్లో అరిగిపోయిన ఊపిరి. అది వాళ్ల అక్కది.

* * *

కాగితం పిల్లకి సొంత అక్క ఒకామె ఉండేదని జనానికి తెలియదు. పన్నెండేళ్లు పెద్దది. తల్లి లేని పిల్లని తనే పెంచింది. వేదిక మీద చీకట్లో, వెనకాల నిలబడి రెండో గొంతు పాడేది. రికార్డు అట్ట మీద ఆమె పేరు లేదు, వద్దందట. వాళ్లిద్దరూ పాట ఎత్తుకునేటప్పుడు ఒకటి రెండు మూడు అని లెక్క పెట్టుకునేవాళ్లు కాదు. అక్క ఊపిరి తీసుకునేది, ఆ చప్పుడు విని చెల్లెలు ఎత్తుకునేది. ఇద్దరి గొంతులూ ఒకే క్షణంలో లేచేవి, వెంట్రుకంత తేడా ఉండేది కాదు. జంటగా పాడే మంచి గాయకులు చాలామంది ఇలాగే చేస్తారు. వీళ్లంత బాగా చేసినవాళ్లని మాత్రం నేను చూడలేదు.

ఆ రికార్డులో ఊపిర్లన్నీ నేను కోసేసినప్పుడు అక్క వచ్చి విని, "ఇంజనీరు గారూ, మా ఊపిరంతా ఊడ్చేశారే, ఎక్కడ పోశారు" అని అడిగింది.

"పారేయలేదమ్మా, డిస్కులో దాచాను" అన్నాను. నిజమే చెప్పాను. ఎప్పుడైనా ఎక్కడైనా అతకడానికి పనికొస్తాయని కోసిన ఊపిర్లన్నీ ఒక డిస్కులో దాచేవాణ్ణి.

"భద్రంగా ఉంచండి. అవసరం పడొచ్చు" అంది.

పదకొండేళ్ల క్రితం, వేదిక వెనక గదిలో, చెల్లెలికి కాగితం గౌను తొడుగుతూ అక్క కుప్పకూలింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఏమీ కాదులే, నువ్వెళ్లి పాడు అని ఎవరో చెల్లెల్ని వేదిక మీదికి తోశారు. అక్క దారిలోనే పోయింది. ఆ మూడు నాలుగు నిమిషాలు మైకు ముందు ఆమె ఊరికే నిలబడటానికి కారణం పొగరు కాదు. వెనక నుంచి ఊపిరి వినిపించలేదు. అందుకని మొదలుపెట్టలేకపోయింది. అంతే.

ఆ రోజు జరిగిందంతా నాకు మూడో రోజు టీ తాగుతున్నప్పుడు ఆమె చెప్పింది. అప్పటికి రెండు పాటలయ్యాయి. నేను ఏమీ అడగలేదు. తనే నా మొహం చూసి, "వినిపిస్తోంది కదా అన్నయ్యా" అంది.

"వినిపిస్తోంది."

"అక్కదే కదా?"

"అక్కదే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "తమ్ముడికి వినిపించదు. నాకు పిచ్చి పట్టిందేమో అని ఇన్నాళ్లూ భయపడ్డాను" అంది. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "పదకొండేళ్లు రోజూ ఈ స్టూలు మీద నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఒక్క ముక్క ఎత్తుకోలేకపోయాను. పోయిన ఫిబ్రవరిలో గిన్నెలు కడుగుతుంటే వెనకాల ఊపిరి తీసిన చప్పుడైంది. చప్పుడు కాగానే నోట్లోంచి పాట వచ్చేసింది. ఆ గిన్నె ఇంకా కడగనే లేదు, అలాగే ఉంది."

"భయం వేయలేదా?"

"ఒక్కదాన్నే ఉండటం కంటే భయమేముంటుంది చెప్పండి."

ఆ మాట నేను రోజూ సాయంత్రం తాళం తీసి ఇంట్లో అడుగుపెట్టినప్పుడు అనుకునే మాటే.

అప్పుడు తన షరతు చెప్పింది. "ఆ ఊపిర్లు తీసేయొద్దు. ఒక్కటి కూడా. మీ అలవాటు నాకు తెలుసు. కంపెనీవాళ్లు చెప్పినా సరే. ఈసారి తీసేస్తే అక్క మళ్లీ రాదు. రాకపోతే నేను మిగలను, అన్నయ్యా. మాట ఇవ్వండి."

చేతిలో చెయ్యి వేశాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

ఫిబ్రవరి సంగతి మాత్రం నేను ఆమెకి చెప్పలేదు. ఫిబ్రవరిలో జాగా చాలక పాత డిస్కులన్నీ తుడిచేశాను. ఊపిర్ల డిస్కు కూడా. మీట నొక్కితే అరనిమిషంలో అయిపోయింది. పోయినవి ఎక్కడికి పోతాయో నేనెప్పుడూ ఆలోచించలేదు.

* * *

ఆ తర్వాత రోజుకొక పాట చొప్పున సాగింది. చెప్పడానికి సిగ్గుపడను, అవి నా జీవితంలో మంచి రోజులు. రెండింటికల్లా వెళ్లేవాణ్ణి. మెట్లెక్కుతుంటే ఆమె పైనుంచి, "అన్నయ్యా, చెప్పులు అక్కడే, దుమ్ము తేకండి" అనేది. ఆ దుమ్ము కొంపలో నా చెప్పుల దుమ్మే తక్కువైనట్టు. నాతో ఒకళ్లు విసుక్కుని చాలా రోజులైంది. నాకు హాయిగా ఉండేది.

ఊపిరికి కూడా అలవాటు పడ్డాను. ఒకటి మాత్రం ఐదో రోజు గమనించాను. ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడే ఉంది. వదిలిన చప్పుడు ఒక్కటీ లేదు. ఐదు పాటల్లో రెండు వందల పైచిలుకు ఊపిర్లు, అన్నీ లోపలికే. అది తెలిశాక ఆ గదిలో గాలి కొంచెం పలచబడినట్టు అనిపించింది. మేడ మీద కదా, ఎండాకాలం కదా అనుకున్నాను.

ఆరో రోజు సాయంత్రం కంపెనీ అతను ఫోన్ చేశాడు. ఆమె మళ్లీ పాడుతోందని మర్నాడు ప్రకటిస్తున్నారట. మొదటి పాట మధ్యాహ్నం పన్నెండింటికల్లా కావాలన్నాడు.

మర్నాడు పొద్దున్న ఇంట్లో కూర్చుని మొదటి పాట తెరిచాను. రేడియోలో ఎవరో ఏదో మాట్లాడుతున్నారు. పక్కన కాఫీ చల్లారుతోంది. ఇవాళ్టితో ఏడో పాట కూడా అయిపోతుంది, రేపటి నుంచి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు అని దిగులుగా ఉంది. మనసు ఆ దిగులు మీద ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గొంతు సర్దాను, పియానో తగ్గించాను, పంపించాను. పదకొండున్నరకే అయిపోయినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

రెండింటికి మెట్లెక్కాను. ఆ రోజు చెప్పుల గురించి ఆమె ఏమీ అనలేదు.

* * *

ఏడో పాట. రెండు కుర్చీలున్న గది గురించి. నేను ముందే చదివాను. అందులో మళ్లీ మళ్లీ వచ్చే మాట ఒకటుంది. "నువ్వు మొదలుపెట్టు, నేను వస్తాను."

ఎర్ర లైటు వేశాను. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఎదురుచూసింది.

నేనూ ఎదురుచూశాను.

ఏమీ రాలేదు.

వీధిలో సైకిలు బెల్లు మోగింది. మధ్యాహ్నం, బయట మంచి ఎండ. కింద తమ్ముడు ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. హెడ్‌ఫోన్లలో మాత్రం ఖాళీ గది. ఆరు రోజుల్లో మొదటిసారి ఆ గది నిజంగా ఖాళీగా ఉంది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఆమె తల కొంచెం పక్కకి తిప్పింది, వెనక నిలబడ్డ మనిషి కోసం చూసినట్టు.

"అక్కా" అని గుసగుసగా పిలిచింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. పొద్దున్న పాట తెరవగానే మొదట నేను చేసిన పని. నా వేళ్లు చేసిన పని. నలభై మూడు ఊపిర్లు, ఒకదాని తర్వాత ఒకటి కోసేశాను.

"అన్నయ్యా" అంది మైకులోంచి. చాలా నెమ్మదిగా. "మీరేమైనా తీసేశారా?"

"లేదు" అన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు. సిగ్గు. అంతకంటే పెద్ద కారణం వెతకను. ఆమె అద్దంలోంచి నన్నే చూస్తోంది. నమ్మలేదు. కోపం కూడా రాలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

వెంట తెచ్చుకున్న లాప్‌టాప్‌లో గబగబా పొద్దుటి పాట తెరిచాను. కోసినవి తిరిగి పెట్టడానికి ఒక మీట ఉంటుంది. నొక్కాను. స్క్రీన్ మీద ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. నలభై మూడూ. హమ్మయ్య అనుకుని, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, చెమట తుడుచుకున్నాను.

ఊపిరి తీసుకున్న చప్పుడైంది.

హెడ్‌ఫోన్లు బల్ల మీద ఉన్నాయి.

అది నా గదిలో. నా ఎడమ చెవి వెనకాల.

ముక్కులోంచి సన్నగా మొదలైంది. గొళ్లెం పడలేదు. ఆగలేదు. లోపలికి... ఇంకా లోపలికి... మనిషన్నవాళ్లు అంతసేపు తీసుకోలేరు. కొండ దారిలో బస్సు ఎక్కుతున్నప్పటిలా నా చెవులు పూడుకుపోయాయి. కిటికీ మీది దుప్పటి మెల్లగా గది లోపలికి ఉబ్బింది. టీ వాసన పోయింది. దుమ్ము వాసన పోయింది. నేను ఊపిరి తీయబోయాను... రాలేదు. తీసుకోవడానికి గాలి మిగల్లేదు.

వెనక్కి తిరగలేదు. తిరగాలని కూడా అనిపించలేదు.

టక్.

అద్దం అవతల ఆమె పెదాలు విడ్డాయి. నాకు ఊపిరి ఆడింది, హెడ్‌ఫోన్లు లాక్కుని చెవులకి పెట్టుకున్నాను.

అలాంటి పాట నేను మళ్లీ వినను. గొంతు ఎక్కడా తగ్గలేదు, వణకలేదు. "నువ్వు మొదలుపెట్టు, నేను వస్తాను" అన్న చోట ఆమె మొహం పదేళ్ల పిల్ల మొహంలా అయిపోయింది. ఆ ఒంటరితనమంతా, పదకొండేళ్లదీ, నా మీద పడ్డట్టయింది. నాకు తెలియకుండానే ఏడుస్తున్నాను. వినడంలో పడి ఒక సంగతి ఆలస్యంగా చూశాను. రికార్డింగు స్క్రీన్ మీద గొంతును చూపే గీత మొదటి నుంచి అలాగే సాగిపోతోంది. మధ్యలో ఒక్క ఖాళీ లేదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆమె ఆగడం లేదు.

ఆమె ఊపిరి తీసుకోవడం లేదు.

ఒక నిమిషం. రెండు. పెదాలు నీలంగా మారుతున్నాయి. నేను అద్దం మీద కొట్టాను. ఆమె నన్ను చూసింది. నవ్వింది. పాడుతూనే ఉంది. మూడు నిమిషాలు. లోపలి గది తలుపు దగ్గరికి పరిగెత్తాను. అది గడియ లేని తలుపు. తోస్తే కదల్లేదు, అవతలి నుంచి ఎవరో మొత్తం బరువుతో ఆనుకున్నట్టు.

నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. పాట అయిపోయింది. ఆమె నుదుటిని పియానో మీద ఆనించింది, పని అయ్యాక కాసేపు పడుకునే మనిషిలా.

తలుపు దానంతట అదే తెరుచుకుంది.

* * *

గుండె ఆగిందన్నాడు డాక్టరు. తమ్ముడు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. నేనేం చేశానో అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇదే మొదటిసారి.

మిగిలిన పాటలైనా ఆమె అడిగినట్టు ఊపిర్లతో సహా పంపాలని ఇంటికొచ్చి తెరిచాను. ఒక్క ఊపిరి లేదు. ఆరు పాటల్లోనూ లేదు. నేను తిరిగి పెట్టిన ఆ నలభై మూడూ లేవు. నేను కోసినదానికంటే శుభ్రంగా, ఎక్కడా అతుకు కనిపించకుండా ఎవరో తీసుకుపోయారు.

రికార్డు వచ్చింది. బాగా ఆడింది. ఏడో పాట ఇళ్లలో, కార్లలో, టీ కొట్లలో మోగింది. కంపెనీ అతను ఫోన్ చేసి, "అంత పొడుగు పాటలో ఒక్క ఊపిరి కూడా తెలియకుండా ఎలా తీశారండీ" అని అడిగాడు. అలవాటండీ అన్నాను.

ఆ తర్వాత పని మానేశాను. ఇంట్లోనే ఉంటున్నాను. ఇన్నేళ్లలో ఎన్నో గదుల నిశ్శబ్దం పట్టాను కానీ సొంత ఇంటిది ఎప్పుడూ పట్టలేదని ఒకరోజు సాయంత్రం అనిపించింది. మా ఆవిడ పోయాక ఈ ఇల్లు ఎలా ఉంటుందో, నేను లేనప్పుడు ఎలా ఉంటుందో వినాలనిపించింది. బల్ల మీద మైకు పెట్టి, మీట నొక్కి, తలుపు వేసి, మెట్ల మీద నిమిషం పాటు నిలబడ్డాను. వచ్చి విన్నాను.

మొదట ఒక ఊపిరి. ముక్కులోంచి సన్నగా వచ్చి, చివర టక్కుమంది. అక్క.

వెంటనే ఇంకొకటి. ఆత్రంగా, గుక్కెడు నీళ్లు మింగినట్టు. నా డిస్కులో ఇరవై ఏళ్లు దాచిన ఊపిరి, గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను. చెల్లెలు.

తర్వాత నిశ్శబ్దం. ఎవరో ఎత్తుకోవాలి, వాళ్లు ఎదురుచూస్తున్నారు. నాకు పాట రాదు. ఆ సంగతి ఖాళీ గదికి పైకి చెప్పాను కూడా.

ఇప్పుడు రోజూ సాయంత్రం అదే పని. మైకు, మీట, తలుపు, మెట్లు. అబద్ధమెందుకు, నాలుగేళ్ల తర్వాత ఇంట్లో ఎవరో ఉన్నారు. తాళం తీస్తుంటే మునుపటంత బెంగగా ఉండటం లేదు.

పోయిన వారం నుంచి మూడో ఊపిరి వినిపిస్తోంది. ఆ ఇద్దరి తర్వాత, కాస్త ఆలస్యంగా, కొత్తగా చేరినవాళ్లు తడబడినట్టు. లోపలికే. దాని చివర సన్నటి విజిల్ ఉంది, ఎడమ ముక్కులోంచి.

ఆ నిమిషంలో నేను గదిలో ఉండను. తలుపు ఇవతల, మెట్ల మీద ఉంటాను. అక్కడ నిలబడ్డంతసేపూ నేను ఊపిరి తీసుకుంటున్నానో లేదో చూసుకోవాలని రోజూ అనుకుంటాను. తలుపు తీసి లోపలికి వచ్చాకే ఆ మాట గుర్తొస్తుంది.